42 పాయింట్ల పంచాయితీ

ఎర్రజట్టు కథ: 14వ భాగం

2025 జనవరి 17న డెనిస్ లా కన్నుమూశాడు. వయసు 84. మాంచెస్టర్ యునైటెడ్‌కు 404 మ్యాచ్‌లు ఆడి 237 గోల్స్ కొట్టినవాడు. బాలన్ డోర్ అందుకున్న స్కాట్లండ్ ఆటగాడు ఇప్పటికీ అతనొక్కడే. రెండు రోజులకు, ఆదివారం నాడు, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో బ్రైటన్‌తో మ్యాచ్ పడింది. ముందు లాకు నివాళి, ఆ వెంటనే ఆట. యునైటెడ్ 1-3తో ఓడిపోయింది. ఆ సీజన్‌లో సొంత మైదానంలో ఆడిన మొదటి 12 లీగ్ మ్యాచ్‌ల్లో అది ఆరో ఓటమి. అంత చెడ్డ ఆరంభం 1893-94 తర్వాత మళ్లీ లేదు. అప్పటికి ఈ క్లబ్ పేరు న్యూటన్ హీత్.

ఆట అయ్యాక కోచ్ రూబెన్ అమోరిమ్ విలేకరుల ముందుకొచ్చి, బహుశా ఈ క్లబ్ చరిత్రలోనే ఇంత అధ్వానమైన జట్టు మాదేనేమో అన్నాడు. ఓడిన కోచ్‌లు రిఫరీని తిడతారు, గాయాల జాబితా చదువుతారు. ఇలాంటి మాట మాత్రం ఎవరూ అనరు. పైగా అన్న రోజు ఎలాంటిదో చూడండి. 1974లో యునైటెడ్ మొదటి డివిజన్ నుంచి కిందికి పడిపోయినప్పుడు ఆఖరి దెబ్బ కొట్టినవాడిగా లోకం ఎవరి పేరు చెప్పుకుంటుందో, ఆ మనిషికి దండం పెట్టుకోవడానికే జనం ఆ రోజు మైదానానికి వచ్చారు.

ఇక పంచాయితీ మొదలైంది. కుర్రాళ్లకు మేనేజర్ ఫెర్గూసన్ కాలమే పురాణం కాబట్టి వాళ్లు కోచ్ మాటకు తలూపారు. తలనెరిసినవాళ్లు ఊరుకోలేదు. ఇది ఘోరమా, మేం 1974లో రెండో డివిజన్‌కే పోయాం కదా అన్నారు. పాత రికార్డులు తిరగేసే అలవాటున్న కొద్దిమంది ఇంకా వెనక్కి వెళ్లి 1931 సంగతేమిటని అడిగారు. మన కథ ఇప్పటికే మ్యూనిక్ విమాన ప్రమాదం దాటింది, 1968 యూరోపియన్ కప్ దాటింది. అయినా ఈ వారం కాలక్రమాన్ని కాస్త పక్కనపెట్టి, ఈ మూడు పతనాలనూ ఒకేచోట చూద్దాం.

ముందు లెక్క. 2024-25 సీజన్ ముగిసేసరికి యునైటెడ్ 38 మ్యాచ్‌ల్లో 11 గెలిచింది, 9 డ్రా చేసుకుంది, 18 ఓడింది. 42 పాయింట్లతో 20 జట్లలో 15వ స్థానం. 1973-74లో 42 మ్యాచ్‌లు ఆడి 10 గెలిచింది, 12 డ్రా, 20 ఓటమి. అప్పట్లో గెలుపుకు రెండే పాయింట్లు కాబట్టి మొత్తం 32. గెలుపుకు మూడిచ్చే పద్ధతి ఇంగ్లండ్‌లో 1981లో వచ్చింది. పాత సీజన్‌ను కొత్త పద్ధతిలో లెక్కేస్తే పది మూళ్లు ముప్పై, దానికి 12 డ్రాలు కలిపితే 42. సరిగ్గా అంతే! కింది డివిజన్‌కు పడిపోయిన జట్టుకూ, 15వ స్థానంలో నిలిచిన జట్టుకూ పాయింట్లు సమానం.

కుర్రాళ్లు వెంటనే అంటారు, మావాళ్లకు 38 మ్యాచ్‌ల్లోనే వచ్చాయి కదా అని. నిజమే. గోల్స్ కొట్టడంలోనూ కొత్త జట్టే నయం: 44. పాత జట్టు 42 మ్యాచ్‌ల్లో కొట్టినవి 38 మాత్రమే. కానీ ఇచ్చుకున్న గోల్స్ చూస్తే కథ తిరగబడుతుంది. 1974 జట్టు 48 ఇచ్చింది, 2025 జట్టు నాలుగు మ్యాచ్‌లు తక్కువాడి 54 ఇచ్చింది. ఇంకో సంగతి. 2025లో కింద నుంచి మూడోదైన లెస్టర్‌కు వచ్చినవి 25 పాయింట్లే. కిందికి పోయిన మూడు జట్లూ మరీ తీసికట్టుగా ఉండబట్టి ఆ ఏడాది యునైటెడ్ మెడ మీద కత్తి వేలాడలేదు.

ఇక 1930-31. 42 మ్యాచ్‌ల్లో 7 గెలుపులు, 8 డ్రాలు, 27 ఓటములు. ఇచ్చుకున్న గోల్స్ 115. కొత్త పద్ధతిలో లెక్కించినా 29 పాయింట్లు దాటవు. అంకెల ప్రకారమైతే తీర్పు ఇక్కడే అయిపోయింది. అమోరిమ్ జట్టు చరిత్రలో అధ్వానమైనది కాదు, ఆ దరిదాపుల్లో కూడా లేదు. కానీ పడిపోవడంలో ఎవరు ముందన్న పోటీ నాకంత ఆసక్తి కలిగించదు. పడినప్పుడల్లా గ్యాలరీల్లో ఏం జరిగింది, దానికి యజమానులు ఏం చేశారు అన్నదే అసలు కథ.

జనానికి బాగా తెలిసింది 1974 కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

మాట్ బస్బీ 1969లో మేనేజర్ పదవి దిగాడు. పదవి దిగాడే గానీ గడప దిగలేదు. మొదట జనరల్ మేనేజర్‌గా, 1971 నుంచి డైరెక్టర్‌గా అక్కడే ఉన్నాడు. ఆయన కుర్చీలో కూర్చోబెట్టిన విల్ఫ్ మెక్‌గిన్నెస్‌కు 31 ఏళ్లు. జట్టులో కొందరు ఆటగాళ్లు అతనికన్నా పెద్దవాళ్లు. ఏడాదిన్నర దాటగానే తప్పించారు. మళ్లీ కొన్నాళ్లు బస్బీయే నడిపాడు. 1971లో ఫ్రాంక్ ఓఫారెల్ వచ్చాడు. ఆ క్రిస్మస్ నాటికి జట్టు పట్టికలో అగ్రస్థానంలో ఉంది, సీజన్ చివరికి ఎనిమిదో స్థానానికి జారింది. 1972 డిసెంబర్ 16న క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 0-5. మూడు రోజుల్లో అతన్నీ పంపేశారు. ఆ 0-5 మ్యాచ్‌ను గ్యాలరీలో కూర్చుని చూసిన టామీ డోకర్టీ తర్వాతి మేనేజర్. 2013లో ఫెర్గూసన్ దిగిపోయాక మోయెస్, వాన్ హాల్, మొరీన్యో, సోల్షేర్ అంటూ వరసగా వచ్చినవాళ్లు గుర్తొస్తున్నారా? అభిమానులకు ఈ పోలిక మొదటినుంచీ నాలుక చివరే ఉంది. మహామనిషి వెళ్లాక వచ్చినవాడెవడూ ఆ నీడలో మొలకెత్తడు.

జట్టూ ముసలిదైపోయింది. 1973 ఏప్రిల్‌లో బాబీ చార్ల్టన్ యునైటెడ్‌కు ఆఖరి లీగ్ మ్యాచ్ ఆడేశాడు. ఆ వేసవిలో డోకర్టీ లాను ఉచితంగా వదిలేశాడు, పదకొండేళ్ల సేవకు అదీ వీడ్కోలు. లా ఊరు దాటలేదు, అదే ఊరి పోటీదారు మాంచెస్టర్ సిటీలో చేరాడు. 1974 జనవరి 1న క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద 0-3తో ఓడిన మ్యాచ్‌తో జార్జ్ బెస్ట్ కథా ముగిసింది, అప్పటికి అతనికి 27 ఏళ్లే. తొమ్మిది నెలల్లో ముగ్గురూ పోయారు. మిగిలిన జట్టు ఎలా ఉండేదో ఒక్క ముక్కలో చెప్పొచ్చు: క్రిస్మస్ నాటికి అత్యధిక గోల్స్ కొట్టినవాళ్లలో గోల్‌కీపర్ అలెక్స్ స్టెప్నీ ఒకడు. రెండు పెనాల్టీలు కొట్టాడు. ఆ రెండే సరిపోయాయి.

1974 ఏప్రిల్ 27. ఓల్డ్ ట్రాఫర్డ్‌కు సిటీ వచ్చింది, లేతనీలం చొక్కాలో లా వచ్చాడు. ఆఖరి పది నిమిషాల వరకు ఎవరికీ గోల్ లేదు. అప్పుడు ఫ్రాన్సిస్ లీ కొట్టిన బంతి పెనాల్టీ పెట్టెలో లా దగ్గరికి వచ్చింది. లా గోల్‌కు వీపు పెట్టి ఉన్నాడు. తిరగడానికి టైం లేదు, తిరగలేదు కూడా. మడమతో వెనక్కి తట్టాడు. బంతి స్టెప్నీని దాటి లోపలికి పోయింది. సిటీ ఆటగాళ్లు వచ్చి మీద పడుతుంటే లా చేతులు వేలాడేసి, మొహంలో నెత్తురుచుక్క లేకుండా నిలబడ్డాడు. వెంటనే అతన్ని బయటికి పిలిచేశారు. ఆ తర్వాత అతను లీగ్ మ్యాచ్ ఆడలేదు. ఆ వేసవి ప్రపంచకప్‌లో స్కాట్లండ్‌కు ఒక మ్యాచ్ ఆడి బూట్లు విప్పేశాడు.

జనం మైదానంలోకి దూకారు. బస్బీ మైకు పట్టుకుని బతిమాలినా వినలేదు. ఆటను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది, 1-0 ఫలితమే ఖాయమని లీగ్ తేల్చింది.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. లా తన పాత జట్టును కిందికి తోశాడన్నది అర్ధసత్యం కూడా కాదు. అదే సాయంత్రం బర్మింగ్‌హామ్ 2-1తో నార్విచ్‌ను ఓడించింది, దాంతో ఇక్కడ ఏం జరిగినా యునైటెడ్ పడిపోయేదే. లా మడమ కదిలించకపోయినా, యునైటెడ్ గెలిచినా సరే. ఇంకొందరు కొత్త రూల్‌ను తిడతారు, కిందికి మూడు జట్లను పంపడం ఆ ఏడాదే మొదలైందని. అదీ చెల్లదు. యునైటెడ్ 22 జట్లలో 21వది. పాత పద్ధతిలో రెండు జట్లే దిగినా వాటిలో ఇదొకటి.

ఆ తర్వాత జరిగిందే 1974ను అభిమానులకు తీపి జ్ఞాపకం చేసింది. బోర్డు డోకర్టీని తీసెయ్యలేదు. అతను హల్ నుంచి స్టువర్ట్ పియర్సన్‌ను తెచ్చాడు, ట్రాన్‌మియర్ నుంచి స్టీవ్ కాపెల్‌ను తెచ్చాడు, దూకుడుగా ఆడించాడు. రెండో డివిజన్‌లో సొంత మైదానానికి సగటున 48,388 మంది వచ్చారు. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో ఏ డివిజన్‌లోనైనా అంతమందిని రాబట్టిన క్లబ్ మరొకటి లేదు. నవంబర్ 30న సండర్లాండ్‌తో మ్యాచ్‌కు 60,585 మంది. ఏప్రిల్‌లోనే పై డివిజన్ ఖాయమైంది. మూడేళ్లలో, 1977లో, లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్ఏ కప్ ఎత్తారు.

అయితే ఈ అభిమానాన్ని మరీ ముద్దుగా రాయడం నాకిష్టం లేదు. జట్టు వెంట ఊళ్లమీద పడిన ఆ గుంపు చాలాచోట్ల అద్దాలు పగలగొట్టింది, తలలు పగలగొట్టింది. వాళ్లు వస్తున్నారంటే దుకాణాలకు షట్టర్లు దించేవాళ్లు. విధేయత ఉన్నచోట వివేకం కూడా ఉండాలని రూలేం లేదు. అలాగే ఎక్కడం వేరు, శిఖరం వేరు. 1967లో లీగ్ గెలిచిన యునైటెడ్ మళ్లీ గెలిచింది 1993లోనే. పడిన ఏడాదిలోపు లేచిన జట్టుకు పైకి చేరడానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఇక 1930కి వెళ్దాం. ఇది తక్కువ మందికి తెలిసిన కథ, నా దృష్టిలో ఎక్కువ పనికొచ్చే కథ.

అప్పటి మేనేజర్ హెర్బర్ట్ బామ్లెట్. ఈయనకూ యునైటెడ్‌కూ అంతకుముందే ఒక బంధం ఉంది. 1909లో ఎఫ్ఏ కప్ పోటీలో బర్న్లీ 1-0తో గెలుస్తుండగా, మంచు తుఫానులో 72 నిమిషాల దగ్గర ఆట ఆపేసిన రిఫరీ ఆయనే. చలికి కొయ్యబారి ఈల కూడా ఊదలేకపోతే యునైటెడ్ కెప్టెన్ చార్లీ రాబర్ట్స్ ఊదాడని చెబుతారు. మళ్లీ పెట్టిన మ్యాచ్ గెలిచి యునైటెడ్ తన మొదటి ఎఫ్ఏ కప్పు దాకా వెళ్లింది. రిఫరీగా క్లబ్‌ను గట్టెక్కించినవాడు మేనేజర్‌గా ముంచాడు.

ముంచడమంటే మామూలుగా కాదు. 1930-31లో మొదటి 12 లీగ్ మ్యాచ్‌లూ వరసగా ఓటమే. సెప్టెంబర్ 6న చెల్సీ దగ్గర 2-6. 10న సొంత మైదానంలో హడర్స్‌ఫీల్డ్ చేతిలో 0-6. 13న అదే మైదానంలో న్యూకాసిల్ చేతిలో 4-7. వారం రోజుల్లో మూడు మ్యాచ్‌లు, 19 గోల్స్! గోల్ వెనక నిలబడి చూసినవాళ్ల ఓపికకు మొక్కాలి. మాంద్యం కాలమది, మాంచెస్టర్ నూలుమిల్లులు మూతపడుతున్నాయి. నిలబడి చూసే టికెట్టు ఒక షిల్లింగ్. పనిలేని ఇంట్లో షిల్లింగ్ అంటే చిన్న మాట కాదు.

అప్పుడు అభిమానుల సంఘం కదిలింది. దాని కార్యదర్శి జార్జ్ గ్రీన్‌హాఫ్ నాయకత్వంలో వాళ్లు అడిగినవి గాలిమాటలు కావు: కొత్త మేనేజర్ కావాలి, ఆటగాళ్లను వెతికే యంత్రాంగం బాగుపడాలి, కొత్త ఆటగాళ్లను కొనాలి, బోర్డులోకి కొత్తవాళ్లు రావాలి. ఈ పట్టీని 2025కి తెచ్చి చదివినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. బోర్డు వాళ్లను గుర్తించనే లేదు. అక్టోబర్ 18న ఆర్సెనల్‌తో మ్యాచ్. దాన్ని బహిష్కరిద్దామని పిలుపిచ్చారు, ముందురోజు రాత్రి హల్మ్ టౌన్‌హాల్లో సభ పెట్టారు. తీరా మర్నాడు 23,406 మంది వచ్చారు. ఆ ఏడాది లీగ్ గెలవబోతున్న ఆర్సెనల్ ఆట చూడాలని ఎవరికుండదు? బహిష్కరణ విఫలమైందని పత్రికలూ బోర్డూ అనుకున్నాయి.

విఫలం కాలేదు, ఆలస్యమైంది అంతే. సభలూ తీర్మానాలూ చెయ్యలేని పనిని విసుగు చేసింది. సీజన్ ఆఖరి మ్యాచ్, 1931 మే 2న మిడిల్స్‌బరోతో 4-4 డ్రా, చూడ్డానికి వచ్చింది 3,969 మంది. రెండో డివిజన్‌లో కొత్త సీజన్ మొదటి ఇంటి మ్యాచ్‌కు 3,507 మంది. అంత పెద్ద స్టేడియంలో ఆ జనం ఎక్కడ కూర్చున్నారో వెతుక్కోవాలి. డిసెంబర్‌లో ఒక శుక్రవారం ఆటగాళ్లు జీతాల కోసం వస్తే డబ్బు లేదన్నారు. బ్యాంకు ఇక అప్పు ఇవ్వనంది. బామ్లెట్ అప్పటికే వెళ్లిపోయాడు, కార్యదర్శి వాల్టర్ క్రిక్మరే జట్టును కూడా చూసుకుంటున్నాడు. క్రిస్మస్ ముంగిట్లో జీతాల్లేని జట్టు అతని నెత్తిన పడింది.

క్రిక్మర్ తెలిసిన క్రీడా విలేకరి స్టేసీ లింటాట్‌ను పట్టుకున్నాడు. లింటాట్ జేమ్స్ గిబ్సన్ దగ్గరికి వెళ్లాడు. గిబ్సన్ సైన్యానికి యూనిఫాంలు కుట్టించే వ్యాపారి. డిసెంబర్ 21న ఆయన 2,000 పౌండ్లు పెట్టి జీతాలు ఇప్పించాడు, ప్రతి ఆటగాడికీ పండక్కి ఒక టర్కీ కోడి కూడా పంపాడు. ఆ తర్వాత పాత బోర్డును పక్కకు తప్పించి క్లబ్ పగ్గాలు పట్టుకున్నాడు. కథ సుఖాంతమైందనుకుంటున్నారా? జీతాలు అందిన అయిదో రోజున, డిసెంబర్ 26న, వుల్వర్‌హాంప్టన్‌లో 0-7తో ఓడారు. యునైటెడ్ చరిత్రలో అతిపెద్ద ఓటమి 0-7, అది నాలుగుసార్లు జరిగింది: 1926లో, 1930లో, 1931లో, చివరిసారి 2023 మార్చి 5న లివర్‌పూల్ చేతిలో.

ఇంకా పడాల్సింది ఉంది. 1934 మే 5న, సీజన్ చివరి రోజున, యునైటెడ్ మిల్వాల్ మైదానానికి వెళ్లింది. గెలిస్తే రెండో డివిజన్‌లో ఉంటుంది, గెలవకపోతే మూడో డివిజన్. మ్యాన్లీ, కేప్ చెరో గోల్ కొట్టారు. 2-0. యునైటెడ్ 20వ స్థానంతో బతికిపోయింది, మిల్వాల్ దిగిపోయింది. క్లబ్ లీగ్ చరిత్రలో అంతకన్నా కింద ఎన్నడూ నిలవలేదు. పాతాళం ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఆ రోజు చూపించాలి, 1974ను కాదు. 1936లో పైకెక్కారు, 1937లో మళ్లీ దిగారు, 1938లో మళ్లీ ఎక్కారు. 1911లో గెలిచిన లీగ్‌ను తిరిగి గెలిచేసరికి 1952 వచ్చింది.

ఇప్పుడు మూడోది, మన కళ్ల ముందు జరుగుతున్నది. దీని గురించి పేపర్లలో రోజూ చదువుతూనే ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను.

2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం 790 మిలియన్ పౌండ్లకు క్లబ్‌ను కొంది. అందులో చాలావరకు అప్పు. ఆ అప్పు క్లబ్ నెత్తినే పెట్టారు. దశాబ్దాలుగా అప్పు మాట ఎరగని క్లబ్ వడ్డీలు కట్టడం మొదలుపెట్టింది. కోపం పట్టలేని కొందరు అభిమానులు విడిపోయి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు, ఇప్పటికీ నడుపుకుంటున్నారు. 2010లో వేలమంది న్యూటన్ హీత్ కాలపు ఆకుపచ్చ, పసుపు రంగుల మఫ్లర్లు కట్టుకుని వచ్చారు. ఫెర్గూసన్ గెలిపిస్తున్నంత కాలం ఆ కోపం కప్పుల వెనక దాగింది. 2013 తర్వాత దాచడానికి లీగ్ టైటిల్ రాలేదు. 2024లో జిమ్ రాట్‌క్లిఫ్ 27.7 శాతం వాటాతో వచ్చి ఆటల వ్యవహారం చేతిలోకి తీసుకున్నాడు. వందల మంది ఉద్యోగులను తీసేశారు. సిబ్బందికి ఉచితంగా పెట్టే మధ్యాహ్న భోజనం ఆపారు. సీజన్ మధ్యలో మిగిలిన టికెట్ల ధర పిల్లలకూ ముసలివాళ్లకూ రాయితీ లేకుండా 66 పౌండ్లు చేశారు. ఒకనాడు ఇదే క్లబ్‌లో యజమాని పండక్కి కోడిని పంపాడని ఇందాకే చదివారు.

2025 మార్చి 9న వేలమంది నల్లబట్టలు వేసుకుని ఓల్డ్ ట్రాఫర్డ్‌కు ఊరేగింపుగా నడిచారు. ఆ రోజు ప్రత్యర్థి ఎవరు? ఆర్సెనల్. 1930లో బహిష్కరించబోయిన ప్రత్యర్థే. ఆట 1-1తో ముగిసింది. నల్లబట్టలు వేసుకున్నవాళ్లూ లోపలికి వెళ్లి కూర్చున్నారు, స్టేడియం నిండింది. రెండు రోజుల తర్వాత క్లబ్ లక్ష సీట్ల కొత్త స్టేడియం ప్రణాళిక ప్రకటించింది. మే 21న బిల్బావోలో, లీగ్‌లో తనకన్నా కింద ఉన్న టోటెన్‌హామ్ చేతిలో 0-1తో యూరోపా లీగ్ ఫైనల్ ఓడింది. ఆ ఆర్థిక సంవత్సరం ఆదాయం 666.5 మిలియన్ పౌండ్లు. క్లబ్ చరిత్రలో అదే రికార్డు. 33 మిలియన్ల నష్టం వచ్చింది, అది వేరే సంగతి.

15వ స్థానం, రికార్డు ఆదాయం, ఒకే ఏడాది! 1931లోగానీ 1974లోగానీ ఇది ఊహకందని విషయం. 1931లో జనం రాకపోతే శుక్రవారం జీతాలు ఆగిపోయాయి. ఆర్సెనల్ మ్యాచ్ సభ జరిగిన 14 నెలలకు యజమాని మారాడు. 1974లో జనం రెట్టింపు ప్రేమతో వచ్చారు, బోర్డు వాళ్లకు పై డివిజన్ బాకీపడింది. రెండుసార్లూ గేటు దగ్గర ఇచ్చిన షిల్లింగుకు నోరుంది. ఇప్పుడు ఆ 666.5 మిలియన్లలో మ్యాచ్‌రోజు వసూళ్లు 160 మిలియన్లు, నాలుగో వంతు కన్నా తక్కువే. అవి కూడా రికార్డే. మిగిలినదంతా ప్రసారాల నుంచి, చొక్కా మీది పేర్ల నుంచి, చొక్కాల అమ్మకాల నుంచి వస్తుంది. పక్కనే ఉన్న సాల్ఫర్డ్ నుంచి వచ్చే పెద్దాయన అలిగి ఇంట్లో కూర్చుంటే ఆ సీటుకు ఇంకో దేశం నుంచి ఇంకొకరు విమానమెక్కి వస్తారు.

అందుకే 1974తో పోల్చుకుని ధైర్యం తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ పోలిక అభిమానికి ఓదార్పు, యజమానికి వరం. ఒక్క ఏడాది ఓపిక పట్టండి, అప్పుడూ లేచాం కదా అని చెప్పడానికి పనికొస్తుంది. అప్పుడు పాడైంది జట్టు, బాగుచేసింది జట్టు. ఇప్పుడు పాడైంది ఇల్లు. ఈ విషయంలో 1931 దగ్గర చుట్టం. కానీ అప్పటి మందు ఇప్పుడు పనిచెయ్యదు, ఎందుకంటే ఖాళీ గ్యాలరీ ఇప్పుడు ఎవరినీ భయపెట్టదు, పైగా అది ఖాళీ కాదు కూడా.

ఇందులో మన వంతూ ఉంది. హైదరాబాద్‌లో, గుంటూరులో, ఖమ్మంలో అర్ధరాత్రి దాకా మేలుకుని మ్యాచ్ చూసే కుర్రాడు కట్టే చందాలో ఎంతో కొంత ఓల్డ్ ట్రాఫర్డ్‌కు చేరుతుంది. అతను కొనే అసలు చొక్కాలోనూ అంతే. జట్టు ఓడితే కోచ్‌ను తిట్టే హక్కు అతనికి ఎలాగూ ఉంది. యజమాని ఎవరో, డబ్బు ఎటు పోతోందో అడిగే హక్కూ అంతే ఉంది, దాన్ని వాడేవాళ్లే తక్కువ.

వచ్చే వారం మళ్లీ గిబ్సన్ దగ్గరికే వస్తాం. ఆటగాళ్లను కొనే స్తోమత లేక 1938లో ఆయనా క్రిక్మరూ కలిసి ఊరి కుర్రాళ్ల కోసం ఒక క్లబ్ మొదలుపెట్టారు. బస్బీ పిల్లలుగా మనం చెప్పుకున్న జట్టుకు పునాది బస్బీ రాకముందే పడింది.